మాహో బీచ్‌కి ఒక్కరోజు

కరీబియన్ దీవి సెయింట్ మార్టిన్‌లో ఉత్తరభాగం ఫ్రాన్స్‌ది, దక్షిణభాగం నెదర్లాండ్స్‌ది. దక్షిణాన మాహో బీచ్ ఉంది. అక్కడ ఇసుకకీ విమానాల రన్‌వేకీ మధ్య ఒక్క రోడ్డే అడ్డం. తలలమీదుగా దిగే విమానాల్ని చూడ్డానికే జనం వస్తారు.

ఫిలిప్స్‌బర్గ్‌లో ఓడ దిగి వెళ్ళేవాళ్ళు లెక్క వెనకనుంచి వెయ్యాలి. ముందు ఓడ బయలుదేరే వేళ రాసుకోవాలి. అందులోంచి తిరుగు ప్రయాణం తీసెయ్యాలి. దారిలో సింప్సన్ బే వంతెన పడవల కోసం లేస్తే బండ్లన్నీ ఆగిపోతాయి. దానికి కొంత అదనంగా ఉంచాలి. మిగిలిందే మన సమయం. పెద్ద విమానాలు ఆ వేళలో దిగుతాయో లేదో చూసుకోవాలి.

దిగేవాటిని చూడొచ్చు. ఎగరబోయే విమానం వెనక కంచె పట్టుకుని మాత్రం నిలబడకూడదు. 2017లో ఇంజిన్ల గాలి తోపుకి పడి ఒకామె చనిపోయింది. హెచ్చరిక బోర్డు అక్కడే ఉంది. చదివితే చాలదు, దూరం జరగాలి.