మెలితే ద్వీపవాసులు, రోమా పండితులు

పాఠ్యభాగము: అపొ. కార్యములు 27:27 – 28:10

ఓడ పగిలి మెలితే ఒడ్డు చేరిన 276 మందిని ఆదరించిన ద్వీపవాసులను మన తెలుగు బైబిలు ‘అనాగరికులు’ అనుచున్నది. గ్రీకుభాష రానివారికి ఆ కాలమున గ్రీకులు పెట్టిన పేరది. క్రీ.పూ. 218 నుండి ఆ ద్వీపము రోమావారి చేతిలోనే యున్నను ఆ పేరు పోలేదు.

ఇట్టి పేర్ల వెనుకనున్న తలంపును కొంచెము విచారింతము. కైసరు ఔగుస్తు కాలమున విత్రూవియసు అనునతడు కట్టడములను గూర్చి పది సంపుటముల గ్రంథము వ్రాసెను. ఏ దేశపు ఇల్లు ఆ దేశపు ఎండకును చలికిని తగియుండవలెనని ఆరవ సంపుటములో చెప్పెను. ఇది మంచి మాటే. అయితే అక్కడనుండి మనుష్యుల స్వభావమునకు దాటెను. చలిదేశములవారు పెద్ద దేహములు గలవారు, ధైర్యవంతులు గాని మందబుద్ధులట. ఎండదేశములవారు పొట్టివారు, నల్లనివారు, చురుకైన బుద్ధిగలవారు గాని యుద్ధమున పిరికివారట. అంగారకుని వేడికిని శని చలికిని నడుమ గురుగ్రహము సమముగా నున్నట్లు ఇటలీ నడుమ నున్నదనియు, లోకమును ఏలుటకే దైవము రోమును అక్కడ ఉంచెననియు తేల్చెను. రోహిణికార్తెలో పొలము పని చేయు మనవారిని ఆయన చూచియుండలేదు!

రోమావారందరు ఇట్లే తృప్తిపడిరనుట న్యాయము కాదు. క్రీ.శ. 98 ప్రాంతమున తాకితుసు అను చరిత్రకారుడు, బ్రిటనుకు అధిపతిగా నుండిన తన మామ అగ్రికొలా చరిత్ర వ్రాసెను. అగ్రికొలా అక్కడి పెద్దల కుమారులకు చదువు చెప్పించెను. గుళ్లు, ఇండ్లు కట్టుటకు ప్రోత్సహించెను. క్రమముగా వారు రోమా వస్త్రములకు, స్నానశాలలకు, విందులకు అలవాటుపడిరి. తెలియనివారు దానిని నాగరికత యనిరి గాని అది వారి దాస్యములో ఒక భాగమేయని తాకితుసు వ్రాసెను. మామను పొగడుటకు వ్రాసిన గ్రంథములోనే ఈ మాట యుండుట గమనింపదగినది.

ప్రియులారా, ఇక లూకా వ్రాసినది చదువుడి. ఆ రాత్రి ఓడవారు ప్రయాణికులను విడిచి చిన్న పడవలో పారిపోజూచిరి. తెల్లవారిన తరువాత రోమా సైనికులు, ఖైదీలు తప్పించుకొందురేమోయని వారిని చంపనాలోచించిరి, శతాధిపతి అడ్డుపడెను. అప్పుడు ‘అనాగరికులు’ వచ్చి, వాన కురియుచు చలిగా నున్నందున నిప్పు రాజబెట్టి అందరిని చేర్చుకొనిరి. ఖైదీ ఎవరు, సైనికుడెవరు అని వేరుచేయలేదు. పాము పట్టగానే పౌలును నరహంతకుడనుకొనిరి, బ్రదుకగా దేవుడనిరి. లూకా ఆ తొందరపాటును దాచలేదు. మూడు నెలలైన తరువాత ఓడ ఎక్కునప్పుడు, కావలసిన వస్తువులను ఓడలో ఉంచినవారును వారే.