పెట్రోలు ట్యాంకు దించడం, బిగించడం



కారు పెట్రోలు ట్యాంకును దించాల్సిన అవసరం ముఖ్యంగా మూడు సందర్భాల్లో వస్తుంది: లోపలికి నీళ్లు చేరినప్పుడు, అడుగున తుప్పు, మడ్డి పేరుకున్నప్పుడు, రేకు తుప్పు తిని కారినప్పుడు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో ఈ మూడింటికీ అనువైన వాతావరణం ఉంది. సూర్యలంక, నిజాంపట్నం తీరాల నుంచి వచ్చే గాలిలో ఉప్పు ఉంటుంది. అది బండి అడుగు భాగాన పేరుకుని ట్యాంకు పట్టీలను, బోల్టులను ముందుగా తినేస్తుంది. ఇక తుపాన్లు, వరదలు ఉండనే ఉన్నాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణ పొంగి రేపల్లె వైపు లంక గ్రామాలను ముంచింది. అలాంటి నీళ్లలో నిలిచిపోయిన బండికి మూత దగ్గర నుంచో, గాలి గొట్టం నుంచో ట్యాంకులోకి నీరు చేరవచ్చు.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీటి పాలు హద్దు దాటితే ఇథనాల్ పెట్రోలును విడిచి నీటితో కలిసి అడుగుకు దిగుతుంది. పంపు పీల్చేది అడుగు నుంచే కాబట్టి బండి కుదుపులతో నడిచి, చివరికి ఆగిపోతుంది. ట్యాంకు అడుగు నుంచి తీసిన పెట్రోలును తెల్లటి గాజు సీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచితే సంగతి తేలిపోతుంది. నీరు ఉంటే రెండు పొరలుగా విడిపోయి మధ్యన గీత గీసినట్టు కనిపిస్తుంది.

ట్యాంకు దించే ముందు అసలు దించాలా అన్నది చూసుకోవాలి. ఇంజెక్షన్ కార్లలో పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. వీటిలో చాలావాటికి వెనుక సీటు కింద ఒక మూత ఉంటుంది. పంపు, పెట్రోలు మట్టం చూపే ఫ్లోటు బాగుచేయడానికి ఆ దారి చాలు. పాత కార్బురేటర్ మారుతి 800 లాంటి బండ్లలో పంపు ఇంజను మీదే ఉంటుంది కాబట్టి ట్యాంకు పని అంతా కింద నుంచే. సీఎన్‌జీ, ఎల్పీజీ సిలిండరు బిగించిన బండి జోలికి ఇంటి దగ్గర పోకూడదు.

ఈ పనిలో అసలు ప్రమాదం పెట్రోలు ద్రవంతో కాదు, దాని ఆవిరితో. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకునేంత ఆవిరిని ఇస్తుంది. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం వరకు ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. నిండు ట్యాంకులో ఆవిరి చిక్కగా ఉండి గాలికి చోటుండదు. ఖాళీ చేసిన ట్యాంకులో గాలి చేరి ఈ పాళ్లు కుదురుతాయి. అందుకే ఖాళీ ట్యాంకే నిండు ట్యాంకు కన్నా ప్రమాదకరం. పైగా ఈ ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. నీరు పల్లమెరిగినట్టే ఇదీ పల్లం వెతుక్కుంటూ నేల మీదుగా పాకి గోతిలోనో, మురుగు కాలువలోనో నిలుస్తుంది.

కాబట్టి గోతిలోనూ, తలుపులు మూసిన షెడ్డులోనూ ఈ పని చేయకూడదు. నాలుగు వైపులా గాలి ఆడే ఆరుబయట, వంటింటికి, నీళ్ల మోటారుకు, ఇన్వర్టరుకు దూరంగా బండిని నిలపాలి. ఎండ ముదరక ముందే పని ముగిసేలా ఉదయమే మొదలుపెట్టాలి. తులసికోట దగ్గర దీపం, అగరొత్తి, బీడీ, సెల్‌ఫోను ఏవీ దరిదాపుల్లో ఉండకూడదు. నూలు బట్టలు కట్టుకోవాలి. పౌడరు రకం అగ్నిమాపక సిలిండరు, రెండు బకెట్ల పొడి ఇసుక చేతికందేలా ఉండాలి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే పెట్రోలు నీటిపై తేలి మంట ఇంకా పరుచుకుంటుంది. రెండో మనిషి తోడు లేకుండా పని మొదలుపెట్టకూడదు. అగ్నిమాపక కేంద్రం నంబరు 101 ఇద్దరికీ గుర్తుండాలి.

నేల సంగతీ చూసుకోవాలి. రేపల్లె, తెనాలి వైపు నల్లమట్టిలోనూ, బాపట్ల ఇసుక నేలలోనూ జాకీ దిగబడుతుంది. గచ్చు లేకపోతే మందపాటి చెక్కలు పరిచి వాటి మీద జాకీ పెట్టాలి. ముందు చక్రాలకు అడ్డం పెట్టి, వెనుక భాగం ఎత్తి, బరువును స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకూడదు.

ఇంజెక్షన్ బండి అయితే పైపుల్లో ఒత్తిడి ఉంటుంది. పంపు ఫ్యూజు తీసేసి ఇంజను ఆగిపోయేదాకా నడిపితే అది తగ్గుతుంది. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి. ట్యాంకును వీలైనంత ఖాళీ చేసే దించాలి. 20 లీటర్ల పెట్రోలు బరువే దాదాపు 15 కిలోలు, పైగా లోపల అది ఊగుతూ ఉంటుంది. డ్రెయిన్ ప్లగ్ ఉంటే దాని ద్వారా, లేకపోతే చేతి పంపుతో తీయాలి. నోటితో గొట్టం పీల్చడం ప్రాణాంతకం. పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే కోలుకోవడం కష్టం. పట్టే డబ్బా లోహందై, బిగుతైన మూత ఉండాలి. డబ్బాను బండి బాడీకి వైరుతో కలిపితే స్థిర విద్యుత్తు రవ్వ పుట్టదు. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలును లైసెన్సు లేకుండా 30 లీటర్లు మించి దగ్గర ఉంచుకోకూడదు, ఒక లోహపు డబ్బా 25 లీటర్లకు మించకూడదు.

ఇక దించడం. పట్టీల బోల్టులకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె పట్టించాలి. ఫిల్లర్ గొట్టం, గాలి గొట్టం, పెట్రోలు పైపు, తిరుగు పైపు ఏది ఎక్కడిదో విప్పక ముందే గుర్తులు కట్టుకోవాలి. ట్యాంకు కింద వెడల్పాటి చెక్క పెట్టి, దాని కింద రెండో జాకీ ఆనించి, అప్పుడే పట్టీలు వదులు చేయాలి. నాలుగు అంగుళాలు దించి ఆగి, పైన ఇంకా ఏ వైరైనా, గొట్టమైనా పట్టుకుని ఉందేమో తడిమి చూసి, విప్పి, పూర్తిగా దించాలి. ఫ్లోటు బిగించిన రింగును తిప్పడానికి ఇనుప ఉలి వాడకూడదు. ఇత్తడి కడ్డీ, కొయ్య సుత్తి వాడితే రవ్వ రాదు.

దించిన రేకు ట్యాంకును వేడి సబ్బు నీళ్లతో నింపి, కదిపి, పెట్రోలు వాసన పోయేదాకా మళ్లీ మళ్లీ కడగాలి. పల్చటి తుప్పుకు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు ఒక రాత్రి నిలవ ఉంచితే చాలావరకు వదులుతుంది. మొండి తుప్పుకు గుప్పెడు గులకరాళ్లు వేసి ఊపాలి, తర్వాత ఒక్కటీ మిగలకుండా లెక్క పెట్టి తీయాలి. చివర్లో తినే సోడా నీళ్లతో, మంచినీళ్లతో కడిగి వెంటనే గాలి కొట్టి ఆరబెట్టాలి. తడి నిలిస్తే గంటల్లోనే కొత్త తుప్పు ఎర్రగా పూస్తుంది. రేకుకు చిల్లి ఉంటే ఇంట్లో వెల్డింగు, సోల్డరింగు తలపెట్టనే కూడదు. ఎన్నిసార్లు కడిగినా అతుకుల్లో నక్కిన పెట్రోలు వేడికి మళ్లీ ఆవిరవుతుంది. ఆ పని తెలిసిన వారికి ఇవ్వాలి, లేదా ట్యాంకు మార్చాలి.

తీసిన నీళ్ల పెట్రోలును, కడిగిన మొదటి నీళ్లను కాలువలో పోయకూడదు. తెనాలి మీదుగా పోయే కాలువలే దిగువ పొలాలకు ఆధారం. వ్యర్థ ఇంధనం తీసుకునే వర్క్‌షాపుకు డబ్బాతో సహా అప్పగించాలి.

బిగించేటప్పుడు ఫ్లోటు కింది రబ్బరు వాషరు, గొట్టాలు, క్లిప్పులు, ఫిల్టరు కొత్తవి వేయాలి. ఇథనాల్ తట్టుకునే గొట్టాలే కొనాలి, పాత రబ్బరు ఉబ్బి పగులుతుంది. ట్యాంకుకు, బాడీకి మధ్య ఉండే మెత్తల్ని తిరిగి పెట్టకపోతే రాపిడికి రేకు అరుగుతుంది. గాలి గొట్టం ఎక్కడా మడత పడకూడదు. అది మూసుకుంటే ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపుకు పెట్రోలు అందదు. ఎర్త్ వైరు మరువకూడదు. పట్టీలను రెండు వైపులా సమంగా బిగించాలి.

మొదట ఐదు లీటర్లు పోసి, ప్రతి అతుకూ పొడి కాగితంతో తుడిచి చూడాలి. తడి లేకపోతేనే బ్యాటరీ వైరు కలిపి ఇంజను నడపాలి, నడుస్తుండగా మరోసారి తుడిచి చూడాలి. ఆ తర్వాత సగం దాటేలా నింపితే పై అతుకుల లోపం, గేజి ముల్లు తీరు తెలుస్తాయి. వారం తిరిగాక పట్టీలను మళ్లీ బిగించి, బోల్టులకు తుప్పు పట్టని రంగు వేయాలి. వానకాలంలో ట్యాంకు సగానికి తగ్గకుండా ఉంచితే లోపల తేమ చేరే చోటు తగ్గుతుంది. సముద్ర తీరానికి వెళ్లి వచ్చిన రోజే బండి అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడిగితే ట్యాంకును మళ్లీ దించే అవసరం చాలా ఏళ్లు రాదు.