కణవిభజనమును నడపు మాంసకృత్తులు

చేతికి చిన్న గాయమైనచో కొన్ని దినములలో నది మానుటను మనమెల్లరము చూచియున్నాము. అచ్చటి జీవకణములు ఒకటి రెండుగను, రెండు నాలుగుగను చీలి క్రొత్త చర్మమును కల్పించును. గాయము పూడినతోడనే ఆ వేగము తగ్గిపోవును. అట్లు తగ్గక, కణములు అదుపు లేక చీలుచునే పోయినచో అదియే క్యాన్సరు వ్యాధి యగును. ఎప్పుడు చీలవలయునో, ఎప్పుడు నిలువవలయునో కణమునకు తెలుపునది యేది?

మానవశరీరమందు దీనిని నేరుగా పరిశీలించుట కష్టము. కావున శాస్త్రజ్ఞులు రొట్టెపిండిని పొంగించు ఈస్టును ఆశ్రయించిరి. ఒక్క కణమే దాని దేహము. తగిన ఆహారమున్నచో సుమారు గంటన్నరలో ఒకటి రెండగును. 1970 ప్రాంతమున అమెరికాలో లీలండ్ హార్ట్‌వెల్, వేడిమి హెచ్చినపుడు చీలిక నడుమ నిలిచిపోవు ఈస్టు రకములను ఏరితీసెను. గడియారములో ఒక చక్రము చెడినపుడు ఏ పని ఆగెనో చూచి ఆ చక్రము ప్రయోజనమును తెలిసికొందుము గదా! అట్లే చెడిన జన్యువును బట్టి దాని పనిని ఆయన నిర్ణయించెను.

ఆంగ్లేయుడగు పాల్ నర్స్, సరిగా నడిమికి చీలు మరియొక జాతి ఈస్టులో, విభజనకు కీలకమగు ‘సి.డి.సి.2’ అను జన్యువు ప్రాముఖ్యమును 1976లో కనుగొనెను. 1982లో టిమ్ హంట్ సముద్రపు అర్చిన్ అను ముండ్లజీవి గ్రుడ్లను పరీక్షించుచు, ఒక మాంసకృత్తు క్రమముగా పెరిగి, ప్రతి విభజనమందును హఠాత్తుగా నశించుటను చూచెను. దానికి ‘సైక్లిన్’ అని పేరిడిరి.

ఈ రెండును కలిసి పనిచేయునని పిమ్మట తేలినది. సి.డి.సి.2 జన్యువువలన పుట్టు మాంసకృత్తు ఒంటరిగా పనిచేయజాలదు. సైక్లిన్ వచ్చి చేరినపుడే అది మేల్కొని, ఇతర మాంసకృత్తులకు ఫాస్ఫేటును తగిలించి, కణమును చీలికకు పురికొల్పును. సైక్లిన్ నశింపగా మరల నిద్రించును.

అయితే ఈస్టునకు చెల్లునది మనుష్యునకు చెల్లునా? 1987లో మెలనీ లీ, నర్స్ కలిసి, సి.డి.సి.2 చెడిన ఈస్టులో మానవజన్యువులను ప్రవేశపెట్టి చూచిరి. వానిలో నొకటి ఆ లోపమును తీర్చెను. చీలలేని ఈస్టు మరల చీలెను! వందకోట్ల సంవత్సరములకు పూర్వమే విడిపోయిన రెండు వంశములు ఒకే తాళపుచెవిని కాపాడుకొనియున్నవి.

2001లో హార్ట్‌వెల్, హంట్, నర్స్ అను మువ్వురకును వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఈ కుటుంబమునకే చెందిన మాంసకృత్తులను అణచు పాల్బోసిక్లిబ్ అను ఔషధమును, కొన్ని విధములగు రొమ్ముక్యాన్సరుల చికిత్సకై 2015లో అమెరికా ప్రభుత్వము అంగీకరించెను.

విద్యార్థులారా! ఈస్టును పరీక్షించిననాడు ఆ మందు ఎవరి తలపునను లేదు. అల్పజీవియని దేనిని తృణీకరింపక, ఓపికతో పరిశీలించువానికే ప్రకృతి తన మర్మమును తెలుపును.