పంచాయతీ కార్యాలయములో సర్వరు అందనిచో

"సర్వరు డౌను" అను మాట నేడు మన గ్రామములలో ఎరుగనివారు లేరు. ఒకప్పుడు "అయ్యగారు క్యాంపులో ఉన్నారు" అను జవాబుతో జనులు మరలిపోయెడివారు; ఇప్పుడు ఈ మాటతో మరలుచున్నారు. అయితే ఆ సర్వరు ఎక్కడ ఉన్నదని అడిగెడివారు అరుదు. పంచాయతీ సభ్యులు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న అదియే.

ప్రభుత్వ వెబ్‌సైటుల సర్వరులు దూరముననున్న డేటా కేంద్రములలో ఉండును. అవి ఆగినచో గ్రామములో చేయగలిగినది స్వల్పము. కాని కొన్ని చిన్న కార్యాలయములలో మూడు నాలుగు కంప్యూటరులను ఒక స్విచ్చి ద్వారా కలిపి, ఒకదానియందు రిజిస్టరులను, తీర్మానముల ప్రతులను భద్రపరచి, తక్కినవాని నుండి తెరచుచుందురు. భద్రపరచిన యంత్రము సర్వరు. దానిని అడుగు యంత్రములు క్లయింటులు. ఈ రెంటి నడుమ పని జరుగుటకు ఇంటర్నెట్టు అవసరము లేదు. బయటి లైను తెగినను లోపలి పని సాగవలెను. సాగనిచో లోపము మన నాలుగు గోడల మధ్యనే వెదుకవలెను.

మేము చూచిన ఒక కార్యాలయములో, రాత్రి గాలివానకు కరెంటు పోయి తెల్లవారి వచ్చిన పిమ్మట, ఇంటిపన్ను బకాయిల రిజిస్టరు ఏ క్లయింటులోను తెరచుకొనలేదు. తన బకాయి ఎంతో తెలిసికొని కట్టుటకు కూలి మానుకొని వచ్చిన ఒక స్త్రీని రెండు దినములు త్రిప్పి పంపిరి. మరమ్మతుకు వచ్చిన వ్యక్తి క్రొత్త యంత్రము కొనవలెనని చెప్పెను. తీర్మానమునకు కాగితము కూడ సిద్ధమైనది. ఇంతకును ఆ సర్వరు ప్రక్క గదిలో బీరువా చెంత చక్కగా నడచుచునే యుండెను.

ఇట్టి సమయమున మొదట తేల్చుకొనవలసినది ఒకటే: ఒక్క క్లయింటుకే అందుట లేదా, అన్నిటికినా?

ఒక్కదానికే అయినచో సర్వరు జోలికి పోరాదు. ఆ క్లయింటు కేబులును చూడవలెను. కేబులు కొననున్న ప్లగ్గు క్లిప్పు విరిగినచో అది గూటిలో ఉన్నట్లే కనిపించుచు వెలుపలికి జారియుండును. స్విచ్చి మీద ఆ కేబులుకు సంబంధించిన చిన్న దీపము వెలుగనిచో, కేబులును మరొక గూటికి మార్చియు, పిదప వేరొక కేబులు వేసియు చూడవలెను. ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. మూడు మార్పులు ఒక్కమారు చేసినచో ఏది మందో ఏది విషమో తెలియదు. ఎలుకలు కొరికిన కేబులులను మేము పలుచోట్ల చూచితిమి. ఒక యంత్రమునుండి మరొకదానికి లాగు రాగి కేబులు 100 మీటర్లకు మించరాదను సంగతి కూడ గుర్తుంచుకొనవలెను.

దీపము వెలుగుచున్నచో చూడవలసినది అడ్రసు. విండోసు కంప్యూటరులో కమాండు ప్రాంప్టు తెరచి ఐపీకాన్ఫిగ్ అని టైపు చేసినచో అది కనిపించును. సాధారణముగా అది 192.168 తో మొదలగును. లోపలి వాడుకకై ప్రత్యేకింపబడిన అంకెలలో ఇవి చేరినవి. ఇంటి నెంబరు 3-14 ప్రతి గ్రామములోను ఉండవచ్చును గదా, అట్లే 192.168.1.7 అను అడ్రసు ఎన్ని కార్యాలయములలోనైనను ఉండవచ్చును. ఒకే కార్యాలయములో రెండు యంత్రములకు మాత్రము ఉండరాదు. ఉన్నచో అవి ఒకసారి పలుకును, ఒకసారి పలుకవు. అడ్రసు 169.254 తో మొదలైనచో, రౌటరు జవాబీయనందున ఆ యంత్రము తనంత తానే ఒక నెంబరు పెట్టుకొన్నదని అర్థము. అప్పుడు చూడవలసినది రౌటరును, దానికి పోవు కేబులును.

అన్నిటికిని అందనిచో స్విచ్చికి కరెంటు ఉన్నదో లేదో చూచి, నేరుగా సర్వరు వద్దకే పోవలెను. అది నిద్రావస్థలోనికి పోయియుండవచ్చును. మేలుకొనియున్నచో దానిమీదనే రిజిస్టరును తెరచి చూడవలెను. పై కార్యాలయములో రెండు దినములు ఆ పని ఎవరును చేయలేదు. మూడవ నాడు తెరచి చూడగా వెంటనే తెరచుకొన్నది. దాని అడ్రసు 192.168.1.14 అని కనిపించినది. క్లయింటులు తలుపు తట్టుచున్నది 192.168.1.7 వద్ద!

కారణము ఇది. వారపు సంతలో ముందు వచ్చినవానికి ముందు చోటు దొరకునట్లు, అనేక రౌటరులు అడిగిన వరుసలో నెంబరులను పంచును. కరెంటు పోయి వచ్చినప్పుడు కొన్ని రౌటరులు పాత లెక్కను మరచి క్రొత్తగా పంచును. సంతకు వచ్చు వర్తకునికి ఆ ఏర్పాటు చాలును, సర్వరుకు చాలదు. రౌటరు అమరికలలో సర్వరుకు ఒక నెంబరును శాశ్వతముగా కేటాయించుట ఉత్తమము. సర్వరులోనే స్థిరమైన నెంబరును వ్రాయవచ్చును గాని, అది రౌటరు పంచు వరుసకు వెలుపల ఉండవలెను. లేనిచో రౌటరు దానినే మరొకదానికి ఇచ్చి, పైన చెప్పిన జంట నెంబరుల చిక్కు తెచ్చిపెట్టును.

అడ్రసు సరియైనదే అయినను రిజిస్టరు తెరచుకొననిచో, క్లయింటునుండి సర్వరు అడ్రసుకు పింగ్ పంపవలెను. జవాబు వచ్చినచో దారి బాగున్నది. లోపము అనుమతిలోనో, పాస్‌వర్డులోనో, ఫైర్‌వాలులోనో ఉన్నది. జవాబు రానంత మాత్రమున సర్వరు చచ్చినదని తీర్మానింపరాదు. ఫైర్‌వాలు పింగును కూడ అడ్డగింపవచ్చును. మన నెట్‌వర్కును విండోసు "పబ్లిక్" అని తలచినచో ఫైళ్ల పంపకమును సాధారణముగా ఆపివేయును. దానిని "ప్రైవేట్" అని మార్చినచో పని జరుగవచ్చును. పేరుతో పిలిచినప్పుడు పలుకక, నెంబరుతో పిలిచినప్పుడు పలికినచో పేరును గుర్తించుటలోనే లోపమున్నది. తొందరపడి ఫైర్‌వాలును పూర్తిగా తీసివేయుట, రిజిస్టరును అందరికిని పాస్‌వర్డు లేకుండ తెరచి యుంచుట మాత్రము ఎన్నడును చేయరాదు. అందున్నవి ప్రజల లెక్కలు.

ఆ కార్యాలయములో క్రొత్త యంత్రపు తీర్మానము సభకు రాలేదు. సర్వరుకు పాత నెంబరునే స్థిరపరచి, దానిని ఒక చీటిపై వ్రాసి యంత్రమునకు అంటించిరి. సర్వరుకు మాత్రమేయున్న యు.పి.ఎస్.కు రౌటరును, స్విచ్చిని కూడ తగిలించిరి. ఆనాటి మధ్యాహ్నము గుమాస్తా స్వయముగా ఆ స్త్రీ ఇంటికి కబురు పంపెను. ఆమె పొలమునుండి వచ్చి పైకము కట్టి రసీదు తీసికొనెను. పోయిన రెండు దినముల కూలి మాత్రము ఏ రిజిస్టరులోను లేదు.