ఆవిరి రొట్టెయు, ఆవిరి కుడుమును



సికింద్రాబాదు గడియారస్తంభమునకు అనతిదూరమున ప్రతిదినము సాయంకాలము ఒక తోపుడుబండి వచ్చి నిలుచును. దానిపై గ్యాసుపొయ్యి, పొయ్యిపై నీళ్లగిన్నె, గిన్నెపై అంతస్తులుగా పేర్చిన చిల్లుల పళ్లెములు. మూత తీయగానే తెల్లని యావిరి గుప్పున లేచును. బండివాడు అమ్మునవి రెండు: కోడిమాంసముగాని కాబేజీగాని పూర్ణముగా పెట్టిన మోమోలు, పిడికిలంత తెల్లని ఆవిరి రొట్టెలు.

క్రిందటి సంవత్సరము మన విద్యార్థి యొకడు ఆ మనుష్యుని ముఖము చూచి, "చీనా! చీనా!" అని యెగతాళిగా కేకవేసెను. తక్కినవారు నవ్విరి. ప్రక్కనే యున్న నేను మందలింపక యూరకుంటిని. ఆ యూరకుండుట నన్ను నేటికిని బాధించుచున్నది. ఈ పాఠమునకు కారణమదియే.

ఈ రొట్టె యెచ్చటిది? గోధుమపిండిని పులియబెట్టి ఆవిరిపై వండుట చీనాదేశమున మిక్కిలి ప్రాచీనమైన అలవాటు. గోధుమ పండెడు ఉత్తర చీనాలో పూర్ణములేని రొట్టెను మాంతౌ అనియు, పూర్ణము గలదానిని బావోజి అనియు అందురు. మాంతౌను గూర్చి యొక కథ కలదు. 3వ శతాబ్దమున ఝుగే లియాంగ్ అను మంత్రి దక్షిణ దండయాత్రనుండి మరలుచుండగా నది పొంగి త్రోవ యీయలేదు. 49 నరశిరస్సులను బలియిచ్చిననే నది శాంతించునని అచ్చటివారు చెప్పిరి. ఆయన యొక్కనినైనను చంపనొల్లక, పిండితో తలల యాకారములు చేయించి, మాంసము పూర్ణముగా పెట్టించి నదికి అర్పించెనట! 14వ శతాబ్దపు "మూడు రాజ్యముల కథ" అను నవలవలన ప్రసిద్ధికెక్కిన ఈ వృత్తాంతము గాథయేగాని చరిత్ర కాదు. అయినను ఒక రొట్టె పుట్టుకకు ప్రాణరక్షణమును కారణముగా చెప్పుకొనుట ముచ్చట గదా!

మోమో ఈ రొట్టెకు చుట్టమే. అది టిబెట్టువారి వంటకము. నేపాళము, సిక్కిము, డార్జిలింగులమీదుగా మన పట్టణములకు వచ్చినది. సాధారణముగా దాని పిండి పులియబెట్టరు గనుక పైపొర పలుచగా నుండును.

ఆవిరి చేయు పని యెట్టిది? మరగు నీటి వేడిమి 100 డిగ్రీలు. పైకి లేచెడు ఆవిరి వేడిమియు అంతియే. అయినను మరగునీటికంటె ఆవిరియే యెక్కువగా కాల్చును. ఏలయన ఒక గ్రాము ఆవిరి తిరిగి నీరగునపుడు సుమారు 540 కేలరీల ఉష్ణమును విడుచును. దీనికి గుప్తోష్ణమని పేరు. చల్లని పిండిని తాకిన యావిరి నీరై, ఆ వేడిమినంతయు పిండికి ధారపోయును. బేకరీ పొయ్యిలో వేడిమి 200 డిగ్రీలవఱకు నుండుటచే రొట్టె పైభాగమెండి ఎఱుపెక్కును. ఆవిరిలో అంత వేడిమి లేదు గనుక రొట్టె తెల్లగా, మెత్తగా నిలుచును.

రొట్టె పొంగుటకు కారణము వేఱు. ఈస్టు అను సూక్ష్మజీవి పిండిలోని చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును పుట్టించును. గోధుమలోని గ్లూటెన్ అను సాగెడు మాంసకృత్తు ఆ వాయువును బుడగలుగా పట్టియుంచును. బియ్యమున గ్లూటెన్ లేదు. మన యిడ్లీపిండిలో ఆ పనిని మినపపప్పు జిగురు చేయును.

ఇక మన యింటికి వత్తము. మీ యమ్మమ్మ కుండలో నీరు పోసి, మూతికి తడిగుడ్డ బిగించి కట్టి, దానిపై మినపపిండి పోసి మూతపెట్టుట చూచియుందురు. ఆ గుడ్డకట్టునకు వాసెన యని పేరు. దానిపై వండినది వాసెనపోలు, అనగా ఆవిరి కుడుము. 7వ శతాబ్దమున ఆంధ్రదేశమునకును వచ్చిన చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగు, భారతీయులు కుండలను, కాగులను వాడుదురుగాని ఆవిరిపై వండు పాత్రను ఎఱుగరని వ్రాసెను. పాత్ర లేకున్న నేమి? కుండయు గుడ్డయు ఉన్న చాలును. ఆవిరి తన పని తాను చేయును. ఎంతటి పండితుడైనను ప్రతి యింటి పొయ్యిని చూడజాలడు గదా! పైచూపునకు కనబడినదే సర్వమని తలంచుట మన కందఱకు సహజమైన పొరపాటు.

మేమును ఆ పొరపాటే చేసితిమి. మఱునాడు నేనొక్కడనే ఆ బండికడకు పోయి, "నిన్న పిల్లలు తప్పుచేసిరి, నేనును చేసితిని" అంటిని. అతడు పళ్లెములు సర్దుచు హిందీలో, "నేను డార్జిలింగువాడను, సార్. మా తండ్రి సిపాయిగా ఈ కంటోన్మెంటులోనే రెండేండ్లు పనిచేసెను. ఆ కేకలు దినమును వినుచునే యున్నాను" అని మెల్లగా పలికెను. నాకు మాట రాలేదు.

ఆ వారమే కేకవేసిన బాలుని వెంటబెట్టుకొని పోతిని. వాడు తల వంచుకొని చాలసేపు నిలిచి, తుదకు "అన్నా, మీ పేరేమి?" అని యడిగెను. అతడు నవ్వి పేరు చెప్పి, వాని చేతిలో వేడి రొట్టె నొకటి పెట్టెను. ఆ ప్రశ్న మొదటి దినముననే అడుగవలసినది.

అభ్యాసము

1. మరగునీటికంటె ఆవిరి యెక్కువగా కాల్చుటకు కారణమేమి?
2. గోధుమరొట్టె పొంగుటకును, ఇడ్లీ పొంగుటకును గల భేదమును వ్రాయుము.
3. మీ వీధిలో దూరప్రాంతమునుండి వచ్చి జీవించుచున్న యొకరి పేరును, ఊరును మర్యాదగా అడిగి తెలిసికొనుము.