లెక్క కుదిరింది, అర్థం కుదరలేదు

ప్రశ్న: బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కెమిస్ట్రీ అంతా చివరికి లెక్కలేనని సీనియర్లు అంటారు. సూత్రాలన్నీ వచ్చు, కానీ లోపల ఏం జరుగుతోందో తెలియడం లేదు. లోపం నాదేనా?

జవాబు: మీ సీనియర్ల మాట సగం నిజం. 1926లో వచ్చిన ష్రోడింగర్ సమీకరణం హైడ్రోజన్ పరమాణువుకు కచ్చితమైన జవాబిస్తుంది. హీలియం దగ్గరికొచ్చేసరికే మొరాయిస్తుంది. రెండు ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటుంటే లెక్కను విడివిడిగా చేయలేం. రసాయన శాస్త్రానికి కావలసిన భౌతిక నియమాలు తెలిసిపోయాయన్న భౌతిక శాస్త్రవేత్త డిరాక్ కూడా, ఆ సమీకరణాలు సాధించలేనంత జటిలమని 1929లోనే ఒప్పుకున్నారు. కాబట్టి అక్కడి నుంచి అంతా ఉజ్జాయింపే. దేన్ని వదిలేయవచ్చో చెప్పేది గణితం కాదు, రసాయన జ్ఞానం. మీకు అందనిది అదేననుకుంటాను.

ఉదాహరణకు ఈ లెక్క చేయండి: 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత? సూత్రం 8 అంటుంది. ఎంత పలుచన చేసినా ఆమ్లం క్షారమవుతుందా? నీరు తనంతట ఇచ్చే హైడ్రోజన్ అయాన్లను మనం వదిలేశాం. వాటినీ కలిపితే, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, సుమారు 6.98 వస్తుంది.

ఇకపై ప్రతి సూత్రం పక్కన ‘ఇందులో దేన్ని వదిలేశారు?’ అని రాసుకోండి. ఆదర్శ వాయు సమీకరణంతో మొదలుపెట్టండి. లెక్క కట్టే ముందు జవాబు పెరగాలా, తగ్గాలా అని మాటల్లో చెప్పుకోండి. (పరీక్ష ముందు రోజు మాత్రం వద్దు!)

నెల గడిచినా లాగరిథమ్‌ల దగ్గరే ఆగిపోతుంటే గణితం లెక్చరర్‌ని కలవండి. లెక్క వచ్చి అర్థం రాకపోతే, చేసిన కాగితాలు పట్టుకుని కెమిస్ట్రీ లెక్చరర్ దగ్గరికి వెళ్లండి.