నల్లరేగడి గట్టుపై చెట్టు: ఆషాఢమాసపు పనులు

ఆరుద్ర కార్తె వెడలి పునర్వసు ప్రవేశించు ఈ దినములలో, కె.సి. కాలువకు నీరెప్పుడు వచ్చునా, పత్తి విత్తుటకు పదునెప్పుడు కుదురునా యని గోస్పాడు మండలపు రైతులు ఆకాశమువంక చూచుచుండుట సహజమే. అయినను యాళ్లూరు, జిల్లెల్ల, దీబగుంట్ల పొలములలో నీడనిచ్చు చెట్లు పలుచబడిన తీరును చూచినవాడనై, ఈ నాట్ల తొందరలో గట్టుమీది చెట్టునకుగూడ ఒక పూట కేటాయింపుడని కోరుచున్నాను.

తూర్పున నల్లమల యున్నది కదా యని మన చేనికి చల్లదనము రాదు. వేళ్లతో లోతునుండి గ్రహించిన నీటిని ఆకులద్వారా ఆవిరిగా విడుచు చెట్టు తన చుట్టుపట్ల గాలినే చల్లబఱచును. గుబురుగా నెదిగిన చెట్లవరుస తన యెత్తునకు పదిరెట్ల దూరమువఱకు గాలివడిని తగ్గించి నేలతడిని కాపాడును. అంతకుమించి, కలుపు తీయుచు, పత్తి యేరుచు ఎండలో వంగి పనిచేయు కూలితల్లులకు మధ్యాహ్నము సద్దిమూట విప్పుకొనుటకును, పసిబిడ్డకు ఉయ్యెల కట్టుటకును ఒక వేపనీడయైన లేని చేను ఎంత పండినను నా దృష్టిలో లోపము గల చేనే.

నల్లరేగడిలో లేతమొక్క చచ్చుటకు నీరు లేకపోవుటకంటె నీరు నిలుచుటయే తఱచు కారణమగుచున్నది. ఎఱ్ఱనేలలోవలె మొక్కచుట్టు పల్లముగా పాదు చేసినచో, వాన కురిసిననాడు జిగటమన్ను నీటిని దిగనీయక, వేళ్లకు గాలి యాడక, ఆకులు పండుబాఱి మొక్క వాలిపోవును. కావున రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గుంతను మన్ను పొడిగానున్నప్పుడే త్రవ్వి, తడిమంటిని పారతో కోసిన గోడ నునుపెక్కి వేళ్లను చొరనీయదు గనుక పక్కలను పలుగుతో గీచి గరుకుచేసి, పైమన్నులో రెండు తట్టల మాగిన పశువుల ఎరువును, చెదలు పట్టకుండ కొంత వేపపిండిని కలిపి పూడ్చి, నేలకంటె జానెడెత్తు దిబ్బగా పోసి, ఆ దిబ్బపై నాటవలెను. నాటుటకు ముందు మొక్క సంచిని కోసి చూచునప్పుడు తల్లివేరు అడుగున చుట్టచుట్టుకొని యున్నచో, ఆ చుట్టను పదునైన కత్తితో తీసివేయుడు. వేసవిలో నేల నెఱ్ఱెలిచ్చి లేతవేళ్లు తెగకుండ, మాఘములోనే మొదలుచుట్టు మన్ను గుల్లచేసి చెత్త పఱచుట మంచిది.

కుందూ ఒడ్డునను, కాలువల వెంబడిని తడికోర్చు కానుగయు నేరేడును తగినవి. అవి వేళ్లతో ఒడ్డును పట్టియుంచును, కానుగరొట్ట వరిమడికి ఎరువగును. గట్లకు వేప, నల్లతుమ్మ మేలు. నీలగిరిని పంటచేని గట్టున పెట్టరాదని నా దృఢాభిప్రాయము. చౌడు తగిలిన నేల గలవారు 1906 నుండి నడచుచున్న నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానమున విచారించి జాతి నెన్నుకొనవలెను.

చెట్టునీడ పంటను తినునన్న రైతుమాట అబద్ధము కాదు. శీతకాలమున సూర్యుడు దక్షిణముగా నడచుటచే నీడ ఉత్తరమునకు పడును. కనుక ఉత్తరపు గట్టునానుకొని బండిబాట గల శనగచేనికి ఆ గట్టే చెట్లకు చోటు, నీడ బాటపై బడును. ఉత్తరదక్షిణములుగా సాగు గట్టున నీడ ఉదయమొకవైపు, సాయంత్రమొకవైపు మారును గాన ఏ సాలునకును దినమంతయు ఎండ తప్పిపోదు. గింజలు తిను పిట్టలు చెట్టున చేరుననుటయు నిజమే. పురుగులనేరి తిను పసులపోలిగాడును ఆ కొమ్మపైననే వ్రాలును.

ఇప్పుడు వేపపండ్లు రాలుచున్నవి. చెట్టుక్రింద ఊడ్చి, పసుపుపచ్చని పండ్లను ఏరి, ఆనాడే గుజ్జు కడిగి, గింజలను నీడలో ఆరబెట్టి గోనెసంచిలో దాచుడు. ప్లాస్టిక్ సంచిలో బూజు పట్టును. శనగలో పచ్చపురుగు కనబడిన తొలిదశలో, ఐదు కిలోల వేపగింజల పప్పును పొడిచేసి రాత్రంతయు పది లీటర్ల నీటిలో నానబెట్టి, వడగట్టి, వంద లీటర్లకు చేర్చి, వంద గ్రాముల సబ్బుపొడి కలిపి సాయంత్రము పిచికారి చేయవలెను. మొక్కలకై పోయదలచిన గింజలు మాత్రము దాచరాదు, రెండు మూడు వారములలో మొలకశక్తి నశించును. కావున మొక్కలు పెంచదలచినవారు ఈ వారమే గింజలేరి, ఈ వారమే సంచులలో విత్తుకొనుడు.